పిల్లల మాటకు బదులు: గోదావరి డెల్టా తల్లిదండ్రులకు మానసిక వికాస మార్గదర్శి

కాలువ గట్టు మీద బండి వెళుతుండగా ముందు కూర్చున్న మూడేళ్ల పాప “నాన్నా, ఈ నీళ్లు ఎక్కడికెళ్తన్నాయి?” అని అడుగుతుంది. “చేలల్లోకి తల్లీ. మరి ఎక్కడి నుంచి వస్తన్నాయంటావ్?” అని తండ్రి తిరిగి అడిగితే పాప కాసేపు ఆలోచించి “వానలోంచి” అంటుంది, ఆయన ధవళేశ్వరం ఆనకట్ట గురించి రెండు మాటలు చెబుతాడు, ఇల్లు చేరేలోగా మరో నాలుగు ప్రశ్నలు పుడతాయి. గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాల ప్రాథమిక పాఠశాలల్లో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసిన నేను, ఒకటో తరగతిలో చేరిన మొదటి వారంలోనే, ఇంట్లో ఇలా బదులు దొరికిన పిల్లలెవరో చాలాసార్లు గుర్తుపట్టగలిగేదాన్ని. వాళ్లలో కౌలురైతుల పిల్లలు ఉండేవారు, వలకు వెళ్లే వారి పిల్లలు ఉండేవారు, మేడల్లో ఉండే వారి పిల్లలూ ఉండేవారు. వాళ్లందరిలో కనిపించిన ఉమ్మడి లక్షణం ఒక్కటే: తాము ఏదైనా అంటే పెద్దవాళ్లు వింటారన్న నమ్మకం.

మానసిక వికాసం అంటే మార్కులేనని మనలో చాలామంది అనుకుంటాం. మాట నేర్చుకోవడం, గుర్తుపెట్టుకోవడం, ఒక పని మీద దృష్టి నిలపడం, వచ్చిన కోపాన్ని పట్టుకోగలగడం, ఎదుటివారి మనసు తెలుసుకోవడం, ఓడిపోయినా మళ్లీ ప్రయత్నించడం, ఇవన్నీ కలిస్తేనే అది మానసిక వికాసం అవుతుంది. పుట్టినప్పుడు శిశువు మెదడు పెద్దవారి మెదడులో సుమారు పావు వంతు ఉంటుంది. రెండేళ్లు నిండేసరికి ముప్పావు వంతు దాటుతుంది. ఆరేళ్లకు దాదాపు 90 శాతం పూర్తవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి 2018లో ప్రకటించిన శిశు సంరక్షణ విధానం మంచి ఆరోగ్యం, తగిన పోషణ, భద్రత, నేర్చుకునే అవకాశాలు, బిడ్డ సంకేతాలకు స్పందించే పెంపకం అనే ఐదింటినీ సమానంగా చెప్పింది. ఈ మార్గదర్శిలోని మెట్లు ఆ ఐదింటినీ తాకుతాయి గానీ, బదులు పలకడం అన్నదాని దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దానికి రూపాయి ఖర్చు లేదు, మనం ఎక్కువగా మరిచిపోయేదీ అదే.

మొదటి మెట్టు: కడుపు, నిద్ర, చెవులు

ఆకలితో, రక్తహీనతతో, నిద్రలేమితో ఉన్న బిడ్డకు ఎంత మంచి ఆట ఆడించినా మనసు నిలవదు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే పట్టాలి. ఆరు నెలలు నిండగానే పాలతోపాటు మెత్తని అన్నం, పప్పు, గుడ్డు, ఆకుకూర, ముల్లు తీసిన చేప మొదలుపెట్టాలి. మన ప్రాంతంలో చేపలకు, గుడ్లకు, కాలువ గట్టున మునగాకుకు కొరత లేదు. అయినా చాలా ఇళ్లలో పసిబిడ్డకు చారు అన్నంతోనో, టీలో ముంచిన బిస్కెట్టుతోనో పూట గడిపేస్తారు. టీ ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. అదే భోజనంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే, తరవాత ఒక జామపండు ముక్క పెడితే ఇనుము బాగా పడుతుంది. పసితనంలో ఇనుము లోపిస్తే ఏకాగ్రత, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయి, ఆలస్యంగా సరిచేస్తే ఆ నష్టం పూర్తిగా పూడకపోవచ్చు కూడా. అందుకే రక్తహీనత నివారణ కార్యక్రమం కింద 6 నెలల నుంచి 5 ఏళ్లలోపు పిల్లలకు వారానికి 2 సార్లు 1 మిల్లీలీటరు చొప్పున ఐరన్ సిరప్ ఇస్తున్నారు. 5 నుంచి 9 ఏళ్ల వారికి వారానికి ఒక గులాబీ రంగు మాత్ర, 10 నుంచి 19 ఏళ్ల వారికి ఒక నీలం రంగు మాత్ర ఉంటాయి. ఆశా కార్యకర్త తెచ్చిన సీసాను అటక మీద పెట్టి మరిచిపోకండి. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్రను కూడా తప్పక వేయించండి, మట్టిలో ఆడే పిల్లలకు అది ఎంతో అవసరం. ఉప్పు కొనేటప్పుడు ప్యాకెట్టు మీద అయోడిన్ ఉన్నట్టు రాసి ఉందో లేదో చూసుకోండి. విడిగా అమ్మే కల్లుప్పులో అది ఉండకపోవచ్చు.

నిద్ర విషయంలో మన ఇళ్లు చాలా ఉదాసీనంగా ఉంటాయి. రాత్రి పదకొండు దాకా టీవీ మోగుతూ ఉంటే పక్క గదిలో బిడ్డ ఎలా పడుకుంటుంది? ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి 11–14 గంటలు, 3–4 ఏళ్ల వారికి 10–13 గంటలు, బడి పిల్లలకు 9–12 గంటలు, పదమూడు దాటిన వారికి 8–10 గంటలు నిద్ర కావాలి. పగలు నేర్చుకున్నది మెదడులో కుదురుకునేది నిద్రలోనే కాబట్టి, పరీక్షల ముందు రాత్రి నిద్ర తగ్గించి చదివించడం చేతికొచ్చిన పంటను వానలో వదిలేయడం వంటిది.

ఇక చెవులు. చెవిలో చీము కారడాన్ని మన వైపు చిన్న విషయంగా తీసుకుంటారు. తరచూ చెవి నొప్పి వచ్చే పిల్లలకు వినికిడి మందగించవచ్చు, వినికిడి మందగిస్తే మాట వెనకబడుతుంది. మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. కొబ్బరినూనె, వెల్లుల్లి కాచి చెవిలో పోయడం మానేయాలి.

రెండో మెట్టు: బదులు పలకడం

ఇది వయసును బట్టి రూపం మారుతుంది. రెండు మూడు నెలల బిడ్డ “ఉంగా” అంటే మీరూ ముఖం దగ్గరకు తెచ్చి “ఉంగా, అలాగా బంగారం?” అనండి, తరవాత మాట్లాడకుండా ఆగండి. బిడ్డ మళ్లీ పలుకుతుంది. ఆ ఆగడమే కీలకం. మాటకు వంతు ఉంటుందని బిడ్డ నేర్చుకునేది అక్కడే. ఏడెనిమిది నెలలు వచ్చాక బిడ్డ ఎటు చూస్తే అటు చూసి దాని పేరు చెప్పండి: దూడ, కొంగ, పడవ, కొబ్బరిచెట్టు. ఏడాది దాటి వేలు చూపించడం మొదలుపెట్టినప్పుడు, చూపించిన వస్తువు గురించి ఒక వాక్యం చెప్పండి. మనకు కావలసిన దానివైపు బిడ్డ దృష్టిని లాగడం కంటే, బిడ్డ దృష్టి ఉన్న చోటికి మన మాట వెళ్లడం ఎక్కువ ఫలితం ఇస్తుంది.

ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య పిల్లలు సగం మాటలు పలుకుతారు. “పిల్లి పాలు” అన్న బిడ్డకు “అవును, పిల్లి పాలు తాగుతోంది, ఎంత గబగబా తాగుతోందో!” అని మాట పెంచి ఇవ్వాలి. తప్పుగా పలికితే “అలా కాదు, మళ్లీ అను” అని నిలదీయకుండా మన మాటలో సరైన పలుకు వినిపిస్తే చాలు. మూడేళ్లు దాటాక “ఎందుకు”ల వరద వస్తుంది. అన్నింటికీ జవాబు తెలియనక్కరలేదు, “నువ్వేమనుకుంటున్నావ్?” అని అడిగి మనసులో ఐదు లెక్కపెట్టేంతవరకు ఆగండి. పెద్దవాళ్లకు ఆ ఐదు సెకన్లూ చాలా పొడుగ్గా అనిపిస్తాయి, అందుకే మనమే జవాబు చెప్పేస్తాం. బిడ్డ ఆలోచనను వెతికి తెచ్చుకునే సమయం అదే కదా.

దీనికి వేరే సమయం కేటాయించాల్సిన పని లేదు. స్నానం చేయించేటప్పుడు, చేపలు తోమేటప్పుడు, రేవులో ఏరు దాటించే పంటు కోసం నిలబడినప్పుడు, దింపు తీసిన కొబ్బరికాయలు రాశి పోసేటప్పుడు మాట్లాడవచ్చు. కాయలను రెండేసి చొప్పున లెక్కించడం, పెద్దవి చిన్నవి వేరు చేయడం, కురిడీని (లోపలే ఎండిన కొబ్బరికాయను) ఊపి లోపల గుండు కదిలే చప్పుడు వినడం, ఇవన్నీ నాలుగేళ్ల బిడ్డకు లెక్కలూ శాస్త్రమూ. సార్వా (వానకాలపు వరి) నాట్లు ఎప్పుడు, దాళ్వా (రెండో పంట వరి) కోతలు ఎప్పుడు, వేసవిలో కాలువలు ఎందుకు కట్టేస్తారు, లాకుల దగ్గర నీటి మట్టం ఎలా మారుతుంది, 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేయకముందు ఈ చేలు ఎలా ఉండేవి అన్నవి పదేళ్ల బిడ్డతో నెలల తరబడి మాట్లాడుకోగల సంగతులు.

తండ్రులకు ఒక మాట. రాత్రంతా రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండి, పగలు పడుకునే తండ్రికి బిడ్డతో గడిపే సమయం తక్కువే. లేచిన తరవాత పావుగంట, ఫోను పక్కన పెట్టి, బిడ్డ ఏం చేస్తుంటే దానిలో పాలుపంచుకోండి. ఆ పావుగంట రోజూ జరగడం ముఖ్యం. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కేటాయించడం దానికి సాటిరాదు.

మూడో మెట్టు: ఆట

ఆటను చదువుకు అడ్డంగా చూడటం మనకు ఈమధ్య పట్టిన జబ్బు. దాగుడుమూతల్లో కళ్లు మూసుకుని అంకెలు పూర్తయ్యేదాకా ఆగాలి, దాక్కున్నవాడు నవ్వు ఆపుకోవాలి. కోరికను కాసేపు అదుపులో పెట్టుకునే శక్తి అలా పెరుగుతుంది. తరగతి గదిలో వరుసగా కూర్చుని వినగలగడానికి ఆధారం ఈ శక్తే. వామనగుంటల్లో ఏడేసి గుంటలు రెండు వరుసలు. గింజలు ఒక్కొక్కటిగా పంచుతూ, చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే లెక్కకట్టే ఆరేళ్ల పిల్ల మనసులోనే కూడికలు చేస్తోంది. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, బోర్లా పడితే ఎనిమిది. పందెం పడ్డాక ఏ కాయ కదపాలో ఆలోచించడం ఎత్తు వేయడం నేర్పుతుంది, కాయ చచ్చినప్పుడు ఏడవకుండా మళ్లీ మొదలుపెట్టడం మరొకటి నేర్పుతుంది. గుజ్జెనగూళ్లు ఆడే పిల్లలు అమ్మ, కొట్టువాడు, డాక్టరు అయిపోయి ఎదుటివారి స్థానంలో నిలబడి మాట్లాడతారు. మూడేళ్లలోపు పిల్లల చేతికి మాత్రం చింతగింజలు, గవ్వలు ఇవ్వకండి, గొంతులో అడ్డుపడతాయి.

అక్షరాభ్యాసం అయిన మర్నాటి నుంచే నాలుగు గీతల పుస్తకం ముందు కూర్చోబెట్టడం గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. మూడేళ్ల బిడ్డ వేళ్లు పెన్సిలు పట్టడానికి ఇంకా సిద్ధంగా ఉండవు. మట్టి పిసకడం, ఇసుకలో గీయడం, బంతిపూలు గుచ్చడం, చిక్కుడుకాయలు ఒలవడం, వాకిట్లో మామ్మ పెట్టిన చుక్కలను కలిపి ముగ్గు వేయడం, ఇవన్నీ ఆ వేళ్లను రాతకు సిద్ధం చేస్తాయి. ఒక నర్సరీ బడిలో నాలుగేళ్ల బాబు రాయలేకపోతున్నాడని వేళ్ల మీద కొట్టిన సంగతి వాళ్ల అమ్మ నా దగ్గర చెప్పుకుని ఏడ్చింది. విద్యాహక్కు చట్టం, 2009, సెక్షన్ 17 ప్రకారం బడిలో పిల్లలను కొట్టడం, మనసు నొప్పించేలా వేధించడం నిషిద్ధం. అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది, అడగాలి కూడా.

డెల్టాలో ఆటకు ఒక పెద్ద షరతు ఉంది, అది నీరు. కాలువ, బోదె, చేపల చెరువు, ఇంటి వెనక గుంట ఎటు చూసినా ఉంటాయి; పసిబిడ్డ బకెట్టు నీటిలో కూడా చప్పుడు లేకుండా మునిగిపోగలదు. ఐదేళ్లలోపు బిడ్డను చేయి చాస్తే అందేంత దూరంలో ఉంచుకోవాలి. ఇంటికీ కాలువకూ మధ్య తడకో, కంచెకు తలుపో ఉండాలి. ఆరేళ్లు దాటినవారికి ఈత వచ్చిన పెద్దవారి సమక్షంలో ఈత నేర్పాలి. నీటి భయంతో పిల్లలను ఇంట్లోనే బంధించి ఫోను చేతికివ్వడం చాలా ఇళ్లలో చూస్తున్నాను. కంచె కడితే వాకిలి పిల్లలకు తిరిగి దక్కుతుంది.

నాలుగో మెట్టు: ఫోను

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దు; 2 నుంచి 4 ఏళ్ల వారికి రోజుకు గంటకు మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. తెరలోని బొమ్మ బిడ్డ మాటకు బదులు పలకదు, బిడ్డ చూపు ఎటు ఉందో గమనించదు, అసలు నష్టం అది. ముందుగా అన్నం తినిపించేటప్పుడు ఫోను చూపడం ఆపండి. మొదటి నాలుగైదు రోజులు బిడ్డ సగమే తింటుంది, ఏడుస్తుంది. ఆకలి వేసినప్పుడు తనంతట తాను తింటుంది. పెరట్లో కోడిపిల్లలను చూపిస్తూ ముద్ద పెట్టిన మన మామ్మలు చేసిందే సరైన పద్ధతి. పెద్ద పిల్లలకు పూర్తిగా లాక్కోవడం కంటే ఇంట్లో అందరికీ ఒకే నియమం పెట్టడం మేలు: భోజనాల దగ్గర, పడక మీద ఎవరి చేతిలోనూ ఫోను ఉండకూడదు, నాన్న చేతిలో కూడా.

ఐదో మెట్టు: తల్లి భాష, పుస్తకం

బడిలో ఇంగ్లీషు మాధ్యమం కాబట్టి ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడాలని, అది సరిగా రాక, ఉన్న నాలుగు మాటలతో బిడ్డతో సంభాషణ సాగించే తల్లులను చూశాను. “కమ్, సిట్, ఈట్” అన్న మూడు మాటలతో ఒక బిడ్డ ఆలోచన ఎంతవరకు పెరుగుతుంది? మీకు బాగా వచ్చిన భాషలో, సామెతలతో, పొడుపు కథలతో, పెద్ద వాక్యాలతో మాట్లాడండి. ఒక భాషలో గట్టిపడిన ఆలోచన రెండో భాషకు సులువుగా నడుస్తుంది. జాతీయ విద్యావిధానం, 2020 కూడా కనీసం ఐదో తరగతి వరకు వీలైనంతగా మాతృభాషలో బోధన ఉండాలని సూచించింది.

రాత్రి పడుకోబోయే ముందు ఒక కథ చదవండి, చదువు రాని తల్లి అయితే బొమ్మలు చూస్తూ చెప్పండి. అదే కథను ఇరవైసార్లు అడిగినా విసుక్కోకండి. బిడ్డ ఆ కథతో తరవాత ఏం జరుగుతుందో ఊహించడం, మాటల వరస గుర్తుపెట్టుకోవడం సాధన చేస్తోంది. ఏడెనిమిదేళ్లు వచ్చాక దగ్గరలోని శాఖా గ్రంథాలయంలో బిడ్డ పేర సభ్యత్వం తీసుకోండి. రాజమహేంద్రవరం వెళ్లే పని పడితే గౌతమీ గ్రంథాలయం చూపించండి, అన్ని పుస్తకాలు ఒకచోట చూసిన పిల్ల కళ్లలో వెలుగు చూడటం కోసమైనా.

ఆరో మెట్టు: మనసులోని మాటకు పేరు పెట్టడం

తెలుగులో పిల్లల మనసుకు ఎన్ని పేర్లున్నాయో గమనించండి: అలక, ఉక్రోషం, బిడియం, జంకు, బెంగ, దిగులు. మూడేళ్ల బిడ్డ నేల మీద పడి దొర్లుతున్నప్పుడు “నీ బొమ్మ తమ్ముడు తీసుకున్నాడని ఉక్రోషం వచ్చింది కదూ” అని చెబితే, తనలో జరుగుతున్నదానికి ఒక పేరు ఉందని, దాన్ని నోటితో చెప్పవచ్చని బిడ్డకు తెలుస్తుంది. ఆ తరవాత హద్దు చెప్పాలి: “కోపం రావచ్చు, కొట్టకూడదు.” ఏడుపు తగ్గేదాకా దగ్గర కూర్చోండి, అప్పుడు పాఠం చెప్పకండి, ఉడుకు తగ్గాకే మాట చెవికెక్కుతుంది. ఏడ్చినంత మాత్రాన అడిగింది ఇచ్చేయకూడదు, ఏడ్చినందుకు కొట్టనూ కూడదు.

బూచాడికి పట్టిస్తానని, పోలీసులకు ఇస్తానని, ఇంజెక్షన్ చేయిస్తానని బెదిరించే అలవాటు మానుకోవాలి. నిజంగా తప్పిపోయిన రోజు పోలీసు దగ్గరకే వెళ్లాలి కదా బిడ్డ. “పెద్దమ్మ కొడుకును చూసి నేర్చుకో” అని చుట్టాల ముందు పోల్చడం కూడా అంతే. మెచ్చుకునేటప్పుడు “నువ్వు తెలివైనవాడివి” అనేకంటే “ఆ లెక్క రెండుసార్లు తప్పినా వదలకుండా మూడోసారి వేరే దారిలో చేశావు” అని చేసిన పనిని చెప్పండి. తెలివి ఉందన్న పేరు పోతుందేమోనన్న భయంతో కష్టమైన పని తప్పించుకునే పిల్లలను నేను చాలామందిని చూశాను.

ఏడో మెట్టు: అమ్మ గల్ఫ్‌లో ఉన్నప్పుడు

కోనసీమలో, పశ్చిమ డెల్టాలో ఈ మెట్టు లేని మార్గదర్శి అసంపూర్ణం. ఇంటి పని కోసం కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్లిన తల్లుల పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉండేవారు. వాళ్లు వెళ్లింది పిల్లల కోసమే. ఆ తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ పిల్లల బెంగను తేలిగ్గా తీసుకునే హక్కూ లేదు.

వెళ్లేముందు బిడ్డకు నిజం చెప్పండి. నిద్రపోతుండగా వెళ్లిపోవడం, “అమ్మ సంతకెళ్లింది” అని చెప్పడం వల్ల బిడ్డ ఆ తరవాత ఎవరు గుమ్మం దాటినా వణికిపోతుంది. ఎక్కడికి వెళుతున్నారో, ఎందుకో, ఎన్ని సంక్రాంతులకు వస్తారో, ఈలోగా ఎవరు చూసుకుంటారో చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. అమ్మమ్మో, మామ్మో, పిన్నో ఒక్కరే ప్రధానంగా చూసుకునేలా ఏర్పాటు చేయండి. ఈ నెల ఇక్కడ, వచ్చే నెల అక్కడ అని తిప్పకండి.

ఫోను మాట్లాడటానికి ఒక సమయం స్థిరపరచండి. మనకు రాత్రి ఎనిమిది అయినప్పుడు కువైట్‌లో సాయంత్రం ఐదున్నర. అది అక్కడి ఇంట్లో పని ఎక్కువ ఉండే వేళ అయితే వేరొక వేళ చూసుకోండి, పది నిమిషాలైనా చాలు, కానీ మాట ఇచ్చిన వేళ తప్పకూడదు. రెండేళ్లలోపు బిడ్డకు కూడా ఇలాంటి వీడియో కాల్ ఫరవాలేదు, ఎందుకంటే అవతల ఉన్న అమ్మ బదులు పలుకుతుంది. “చదువుకుంటున్నావా, అల్లరి చేయడం లేదుగా” అన్న రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోకుండా “నిన్న చెప్పిన కుక్కపిల్ల ఎలా ఉంది?” అని అడగండి, నిన్నటి మాట అమ్మకు గుర్తుందని తెలియడం ఆ బిడ్డకు బొమ్మకారు కంటే పెద్ద కానుక. తీరిక దొరికినప్పుడు ఒక కథను వాయిస్ మెసేజ్‌గా పంపితే, అమ్మమ్మ రాత్రి పడక వేళ వినిపించవచ్చు. సెలవుకు వచ్చినప్పుడు బిడ్డ దగ్గరకు రాక మామ్మ వెనక దాక్కుంటే నొచ్చుకోకండి. బలవంతంగా ఎత్తుకోకుండా ఆ చుట్టుపక్కలే కూర్చుని పని చేసుకుంటూ ఉంటే, రెండు మూడు రోజుల్లో తనే వచ్చి ఒళ్లో తల పెడుతుంది.

చూసుకునే మామ్మలకు, అమ్మమ్మలకు: అమ్మ పేరెత్తితే బిడ్డ ఏడుస్తుందని ఆ మాటే దాటవేయకండి. “అమ్మ మీద బెంగగా ఉందా నాన్నా? నాక్కూడా ఉంది” అన్న ఒక్క మాట చాలు.

ఎనిమిదో మెట్టు: వరద రోజులు

జులై, ఆగస్టు నెలల్లో ధవళేశ్వరం దగ్గర నీటి మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. టీవీలో ఆ మాటలు, ఇంట్లో పెద్దల గాభరా వింటున్న పిల్లలకు ఎవరూ ఏమీ వివరించరు. నీరు ఎక్కడిదాకా రావచ్చో, వస్తే మనం ఏ మేడ మీదికి, ఏ బడికి వెళతామో, దూడను ఎవరు తోలుకొస్తారో ముందే చెప్పండి. సంచి సర్దడంలో బిడ్డకూ ఒక పని ఇవ్వండి. పునరావాస కేంద్రంలో కూడా తినే వేళ, కథ వేళ, పడుకునే వేళ మారకుండా చూడండి. వరద తగ్గాక కొన్ని వారాలు పక్క తడపడం, ఒంటరిగా పడుకోలేకపోవడం, వాన పడితే ఏడవడం ఉండవచ్చు. దండించకండి, వరదను బొమ్మ గీయనివ్వండి, మళ్లీ మళ్లీ చెప్పనివ్వండి. నెల దాటినా తగ్గకపోతే వైద్యుడికి చూపించండి.

తొమ్మిదో మెట్టు: పెద్ద పిల్లలు

ఆరో తరగతి నుంచే తెల్లవారుజామున ట్యూషను, సాయంత్రం ట్యూషను, పదో తరగతి అయ్యాక హాస్టలు అన్న వరస డెల్టా పట్టణాల్లో బలంగా నాటుకుంది. రోజూ ఒక గంట ఆట, చాలినంత నిద్ర ఉండేలా మిగతా సమయాన్ని అమర్చండి, ఈ రెండింటినీ కోసి చదువుకు కలపకండి. హాస్టలులో చేర్చే ముందు బిడ్డ అభిప్రాయం నిజంగా అడగండి. చేర్చాక “ఇక్కడ ఉండలేకపోతున్నాను నాన్నా” అన్న మాట వస్తే ఫీజు కట్టేశామన్న జవాబు ఇవ్వకుండా ఆ రాత్రే బయలుదేరి వెళ్లండి. మాట తగ్గిపోవడం, తిండి నిద్ర మారిపోవడం, ఇష్టమైన వాటిని వదిలేయడం, తాను లేకపోతే బాగుండునని అనడం కనిపిస్తే ఒంటరిగా వదలకండి, మనసులో ఏముందో నేరుగా అడగండి. ఉచిత ప్రభుత్వ సేవ అయిన టెలి మానస్ 14416 నంబరులో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలపై హింస జరుగుతున్నట్టు తెలిస్తే 1098కి చేయండి.

పదో మెట్టు: వెనకబాటు కనిపిస్తే

ప్రతి బిడ్డదీ ఒక వేగం అన్నది నిజమే, కానీ దాన్ని అడ్డం పెట్టుకుని ఏళ్లు పోగొట్టుకోకూడదు. మూడు నెలలు నిండినా ముఖం చూసి నవ్వకపోవడం, తొమ్మిది నెలలకు పేరు పిలిస్తే తిరగకపోవడం, ఆధారం లేకుండా కూర్చోలేకపోవడం, ఏడాదికి వేలు చూపించడం, టాటా చెప్పడం వంటి సైగలు లేకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోవడం, ఏడాదిన్నరకు నడవకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోవడం కనిపిస్తే వెంటనే చూపించాలి. వచ్చిన మాట ఏ వయసులోనైనా పోతే ఒక్క వారం కూడా ఆగకూడదు. “వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే మాటొచ్చింది” అన్న ఓదార్పు ఎందరి విలువైన కాలాన్నో తినేసింది. బడికి వెళ్లే బిడ్డ మూడో తరగతిలో కూడా అక్షరాలు తిరగేసి చదువుతుంటే, నోటితో బాగా చెప్పి రాతలో తడబడుతుంటే, ముందు కళ్లూ చెవులూ పరీక్షించి తరవాత అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం నేర్చుకోవడంలో ఉండే ప్రత్యేక ఇబ్బంది) ఉందేమో చూడాలి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ఆటిజాన్నీ, అభ్యసన వైకల్యాన్నీ కూడా గుర్తించింది.

మొదట అంగన్‌వాడీ టీచరుకూ, ఊరి ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎంకూ చెప్పి, తల్లీబిడ్డల సంరక్షణ కార్డులోని ఎదుగుదల మైలురాళ్ల పట్టికను బిడ్డతో పోల్చి చూడండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుక నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు పరీక్షలు ఉచితం. అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. కాకినాడ ప్రభుత్వ సాధారణ ఆసుపత్రి వంటి బోధనాసుపత్రిలో పిల్లల విభాగం, చెవి ముక్కు గొంతు విభాగం, మానసిక వైద్య విభాగం ఒకేచోట ఉంటాయి. వెళ్లేటప్పుడు పుట్టిన సమయపు కాగితాలు, టీకాల కార్డు, బిడ్డ ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు తీసిన రెండు మూడు నిమిషాల వీడియో, ఏ నెలలో ఏం చేసిందో రాసిన కాగితం పట్టుకెళ్లండి. ఆసుపత్రిలో కొత్తవారి మధ్య బిడ్డ బిగుసుకుపోతే ఆ వీడియోయే వైద్యుడికి దారి చూపుతుంది. చికిత్స మొదలయ్యాక అక్కడ వారానికి అరగంట నేర్పినదాన్ని ఇంట్లో రోజుకు నాలుగుసార్లు ఐదేసి నిమిషాలు చేయించాలి కాబట్టి, పగలంతా బిడ్డ దగ్గర ఉండే మామ్మనో తాతయ్యనో కూడా మొదటి రోజే వెంట తీసుకెళ్లి, ఆ పద్ధతిని వాళ్ల చేత ఒకసారి చేయించి చూపించమని అడగండి.